ఆపరేషన్ దబ్బతొక్క

"శాంపిల్ సెవెన్ ఇవాళ పదకొండింటికి చేతులు మారుతోంది. ఆపెయ్," అన్నాడు చీఫ్ ఫోన్లో.

ఏజెంట్ శ్యాంసన్ తెల్లకోటు తొడుక్కున్నాడు. మార్కాపురం పలకల గోడౌన్ వెనక ల్యాబ్‌లో ఆర్నెల్లుగా అతను టెక్నీషియన్ వేషంలో ఉన్నాడు. బత్తాయి, నిమ్మ, దబ్బ తొక్కల్ని ఎండబెట్టి, పొడి కొట్టి, అందులో ఒంటికి మేలు చేసేవి ఎంతున్నాయో మెషీన్‌తో కొలవడం అక్కడి పని. కొనకనమిట్ల దగ్గర కొండమ్మ పెరట్లోని దబ్బచెట్టు తొక్క, మిగతావాటికి మూడింతలు చూపించింది; అదే శాంపిల్ సెవెన్. అప్పట్నుంచీ ఒక విదేశీ ముఠా దాని వెంట పడింది.

ఆ తొక్కలు తెచ్చింది శ్యాంసనే. గుట్టు బయటపడకూడదని, "చెట్టుకు తెగులున్నట్లుంది, పరీక్ష చేస్తామత్తా," అని కొండమ్మకు అబద్ధం చెప్పాడు. ఆమె నమ్మడమే కాదు, దబ్బతొక్క కలిపిన సున్నిపిండి పొట్లం కూడా చేతిలో పెట్టింది. "నీ కూతురికి నలుగు పెట్టు అల్లుడా." ఆ పొట్లం డ్రాయర్లోనే ఉండిపోయింది. దాన్ని చూసినప్పుడల్లా అతనికి సిగ్గుతో తల వాలిపోయేది.

తలుపు తోసుకుని పావని వచ్చింది. నల్లకళ్లద్దాలు, ఖరీదైన సెంటు. ముఠా జీతం తీసుకుంటూ చీఫ్‌కు పనిచేసే డబుల్ ఏజెంట్.

"ఎండ ఎట్లుంది?"

"నీడన పర్లేదు."

కోడ్ కుదిరింది. ఆమె లిప్‌స్టిక్ గొట్టం తీసి బల్లమీద పెట్టింది. లోపల, ముఠా కోసం ల్యాబ్‌లోంచి ఆమె కొట్టేసిన శాంపిల్ సెవెన్ పొడి. "ఖాళీ చేతుల్తో పోతే నన్ను బతకనియ్యరు. ఏదన్నా పోసియ్యి."

పదకొండుకు మూడు నిమిషాలు. శ్యాంసన్ గొట్టం గుల్ల చేసి డ్రాయర్లోని సున్నిపిండి కూరాడు. రంగు సరిగ్గా సరిపోయింది.

పావని గుమ్మంలో ఆగింది. "నీ తెగులు మాట ముసలామె నిజమనుకునింది. పక్కోళ్ల బత్తాయి తోటలకు అంటుకుంటదని చెట్టు కొట్టిస్తాంది. ఈ పొద్దే. దారిలో విన్నా."

శ్యాంసన్ బయటికి పరిగెత్తాడు. బైకెక్కి ఎలా నడిపాడో అతనికే తెలియదు.

అతను వెళ్లేసరికి, చెట్టు కొట్టడానికి పిలిచిన కూలి మస్తానయ్య గొడ్డలి అప్పటికే ఒక దెబ్బ వేసింది. రెండోది పడేలోగా శ్యాంసన్ మొదలుకు అడ్డంగా నిలబడ్డాడు. కొండమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"తెగులు లేదత్తా. నేనే అబద్ధం చెప్పినా. తప్పయిపోయింది."

అంతా చెప్పేశాడు, ఉద్యోగం పోయినా సరే అనుకుని. కొండమ్మ పేడ, మట్టి కలిపి తెచ్చి చెట్టు గాయానికి పూసింది. అతను తలవంచుకుని పక్కన కూర్చుని తనూ పూశాడు.

వారానికి చీఫ్ మెసేజ్ వచ్చింది: "విదేశీ ల్యాబ్ రిపోర్టులో చాలావరకు శనగపిండేనట. కంగ్రాట్స్."

ఆ ఆదివారం శ్యాంసన్ మళ్లీ వెళ్లి, కూతురి కోసం ఇంకో పొట్లం అడిగాడు.

"పిల్లనే తీసకరా, నేనే నలుగు పెడతా," అంది కొండమ్మ. "నీ చేతికిస్తే ఏ దేశం పంపుతావో."