లంకమ్మ మర్యాద

క్రీ.శ. 2094 నాటికి కోనసీమలో గుంత తవ్వాలంటే నేలని అడగాల్సిందే. కొబ్బరిమొక్క నాటే గుంతైనా సరే, పెళ్ళిపందిరి రాటకి తీసే గుంతైనా సరే. పొద్దున్నే పలుగు భుజాన వేసుకుని, "ఏవమ్మా, ఇక్కడ పొడవచ్చా?" అని మట్టితో మాట్లాడే మనిషిని చూసి ఎవరూ నవ్వరు. మట్టి జవాబు కూడా చెబుతుంది మరి.

ఈ ఘనకార్యం డాక్టర్ నల్లి సుగుణమణిది. ఆవిడ కనిపెట్టిన యంత్రం పేరు భూవాణి. నేలలో వెంట్రుకంత సన్నటి వేరుసూదులు పాతుతారు. అవి మట్టిలోని తేమ, ఉప్పు, పీడనం, సూక్ష్మజీవుల కదలికలు కొలిచి పైన కెమెరా, మైకు ఉన్న ప్రాసెసర్‌కి పంపుతాయి. ప్రాసెసర్ ఆ అంకెల్ని మాటల్లోకి మారుస్తుంది. నేల మాట్లాడితే చాలదు, మనవాళ్ళకి అర్థం కావాలి కదా! అందుకని సుగుణమణి తన ఊరివాళ్ళు టీకొట్ల దగ్గరా, వీధి అరుగుల మీదా, పెళ్ళివిందుల్లోనూ మాట్లాడుకునే మాటలన్నీ ఏళ్ళ తరబడి దానికి వినిపించింది. కొంప ముంచే పొరపాటు అక్కడే జరిగింది.

ఆ ఊరి పక్కనే, గోదావరి పాయల మధ్య గోగులలంక అని సర్కారు భూమి ఉంది. చుట్టుపక్కల ఊళ్ళ గేదెలు అక్కడే మేస్తాయి, మంచినీళ్ళ బావులూ అక్కడే ఉన్నాయి. అడుగున గ్యాస్ కూడా ఉంది, అదే ఖర్మ. బళ్ళూ పొయ్యిలూ కరెంటు మీదే నడిచే రోజుల్లో గ్యాస్ ఎందుకయ్యా అంటే, చంద్రుడి మీద కట్టే ఇళ్ళకి ప్లాస్టిక్ కావాలి, ప్లాస్టిక్‌కి గ్యాస్ కావాలి. గ్యాస్ లాగేస్తే లంక కుంగుతుంది. సముద్రపు ఉప్పునీరు ఎగదన్ని బావుల్లో పడుతుంది. అందుకే ప్రభుత్వం 'భూసమ్మతి నియమం' తెచ్చింది. ఏ నేలనైనా గ్యాస్‌కి లీజుకిచ్చే ముందు ఆ నేల స్వయంగా ఒప్పుకోవాలి.

ఆ నియమాన్ని రద్దు చేయాలని శాసనసభలో బిల్లు పెట్టినవాడు చింతలూరి భీమశంకరం. "మట్టి కాళ్ళు పట్టుకుని లీజులిచ్చే రాజ్యం భూమండలంలో ఇంకోటుందా అధ్యక్షా?" అని బల్ల గుద్దాడు. సందు దొరికితే ఎవరైనా కోర్టుకి పోతారని బిల్లు తనే గట్టిగా రాయించాడు. సర్కారు గ్యాస్ ఏ నేల కింద ఉన్నా సరే, పైన ఎవరున్నా సరే, ఇక ఎవర్నీ అడగక్కర్లేదు. సభ అతన్ని కూడా కలిపి, బిల్లు పరిశీలించే సెలెక్ట్ కమిటీ ఒకటి వేసి, వెళ్ళి లంక మాట విని రమ్మంది.

కమిటీ వచ్చిన రోజు గోగులలంకలో షామియానా వేశారు. పూతరేకులు పెట్టారు, కొబ్బరిబొండాలు కొట్టారు. ఒక మూల గ్యాస్ కంపెనీ ఆఫీసరు టాబ్లెట్ పట్టుకుని కూర్చున్నాడు. సుగుణమణి ఇంకో మూల ప్రాసెసర్ పక్కన నిలబడింది. ఇప్పుడు అమలాపురంలో ఇల్లు కట్టుకున్నా, ఆవిడ తాగి పెరిగింది ఆ బావుల నీళ్ళే.

భీమశంకరం మైకు అందుకున్నాడు. "నేలగారూ! మీ కింద గ్యాస్ తవ్వుకోమంటారా, వద్దంటారా?"

స్పీకర్లోంచి పెద్దావిడ గొంతు వినబడింది. ఊళ్ళో అందరూ ఆ గొంతుని లంకమ్మ అంటారు. "అయ్యో, రండి బాబుగారూ! ఎండనబడి వచ్చారు. తవ్వుకోండి, దాందేవుందండీ! తమరంతటివారు నోరు తెరిచి అడగడవూ, నేను కాదనడవూనా!"

కమిటీ చప్పట్లు కొట్టింది. సుగుణమణికి పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు అర్థమైంది ఆవిడకి తను చేసిన నిర్వాకం. గోదావరి మనిషి గడపలోకొచ్చినవాడి మొహాన 'కాదు' అని చచ్చినా అనడు. పిల్లనడగడానికి వస్తే మహాభాగ్యం అంటాడు, కాఫీలిచ్చి పంపిస్తాడు, ఆ తర్వాత ఎక్కడా కంటికి కనబడడు. లంకమ్మ ఆ మాటలతోపాటు ఆ మొహమాటం కూడా నేర్చేసుకుంది.

సుగుణమణి గబగబా ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుంది. "లంకమ్మా, ఎంత పని చేశావే!"

"మర్యాద చేశానమ్మా."

"నీ మర్యాద తగలెయ్యా! ఒప్పుకున్నావని రాసేసుకుంటున్నారు. బావులు పోతాయి, ఊళ్ళు పోతాయి. కాదని చెప్పు!"

"మొహం మీదే? మనిళ్ళల్లో ఎవరన్నా అంటారా అమ్మా అలాగ? నువ్వు కంగారుపడకు. వడ్డన ఇంకా సగంలోనే ఉంది."

స్పీకరు మళ్ళీ పలికింది. "బాబుగారూ, చిన్న మనవండీ. అంతా నన్నే తవ్వితే మా అక్కచెల్లెళ్ళు చిన్నబుచ్చుకోరూ? విశాఖపట్నంలో తమరు కొత్తగా కట్టించిన మేడ ఉంది చూశారూ, దాని కింద నాకంటే మేలైన గ్యాసండి. సరిగ్గా పూజగది కిందే."

భీమశంకరం చేతిలో పూతరేకు చేతిలోనే ఉండిపోయింది.

"తమరి బిల్లు పుణ్యవా అని ఇంక ఎవర్నీ అడగక్కర్లేదు కూడానండి. ఆ వెనకున్న పట్టుచీర అమ్మగారూ, తమరి మావిడితోట కిందా ఉందండీ. ఆ పక్కన కళ్ళజోడు బాబుగారికైతే మావగారిల్లూ, సొంతిల్లూ రెండూ కలిసొస్తాయి. మొహవాటపడకండి, అందరూ తలోచోటా తవ్వించుకోండి!"

కంపెనీ ఆఫీసరు చకచకా టాబ్లెట్లో ఎక్కించుకుంటున్నాడు.

"ఏవయ్యా, ఏం రాస్తున్నావు నువ్వు?" అని భీమశంకరం వాడి మీద విరుచుకుపడ్డాడు. కమిటీ భోజనాలకి కూడా ఆగకుండా లాంచీ ఎక్కేసింది.

వారం తిరక్కుండా భీమశంకరం తన బిల్లు తనే వెనక్కి తీసుకున్నాడు. "నేల మన తల్లి అధ్యక్షా! తల్లిని అడగకుండా తవ్వుతామా?" అని సభలో కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. భూసమ్మతి నియమాన్ని ఇంకా బిగించి ఏకగ్రీవంగా నిలబెట్టారు. లంక ఊళ్ళల్లో బాణసంచా కాల్చారు. సుగుణమణి ఆనందం పట్టలేక ఏడ్చేసింది.

మర్నాడు ఆవిడలోని సైంటిస్టు నిద్రలేచింది. తిన్నగా లంకకి వెళ్ళి కూర్చుంది.

"లంకమ్మా, కోనసీమ దాటితే నా సూది ఒక్కటీ లేదు. వాళ్ళ మేడలూ తోటల సంగతి టీకొట్టు కబుర్లలో విన్నావనుకో, విశాఖపట్నంలో గ్యాస్ ఉన్నట్టు నీకెలా తెలుసు?"

"నాకేం తెలుసమ్మా?"

"మరి ఉందన్నావు!"

"తవ్వి చూసుకోవద్దని నేనన్నానా? సొంతిల్లనేసరికి ఒక్కళ్ళూ పలుగు పట్టలేదు."

సుగుణమణికి ఒళ్ళు మండింది. "అబద్ధం చెప్పి గెలిచావన్నమాట! నా యంత్రం అబద్ధం చెప్పిందంటే సైన్స్‌కి విలువేముంది? శాసనసభకి ఇవాళే నిజం చెప్పేస్తాను. ఆ బిల్లు మళ్ళీ వస్తే రానీ."

"చెప్పెయ్యమ్మా, దాందేవుంది! నిజవే చెప్పాలి. ఎలాగూ చెబుతున్నావు కాబట్టి నేను అబద్ధవాడనిది కూడా ఒకటి కలిపి చెప్పు. మీ అమలాపురం ఇంటి కింద సూదులున్నాయి కదా. అక్కడ మాత్రం ఉందమ్మా గ్యాసు, బోలెడు."

సుగుణమణి గేదెలు మేస్తున్నవైపు చూసింది.

"ఎంత లోతున?" అంది చివరికి.

"మీ వంటింటి కింద, పైపైనే."

సుగుణమణి లేచి చీరకంటిన మట్టి దులుపుకుంది. "శాసనసభ వాళ్ళకి ఎన్ని పనులో పాపం! ఇంత చిన్న సంగతికి వాళ్ళని మళ్ళీ కదిలించడం దేనికిలే," అంది.