చూడకుండా పెట్టిన పేరు

"అబ్బో! రంగుల లోడుతో వచ్చిన లారీ గోడను గుద్దేసిందర్రా!"

మైకు ఆ మాట అనగానే పక్కన నడుస్తున్న స్నేహితులు పొట్టలు పట్టుకుని నవ్వారు. బడి వదిలారు. అందరూ కలిసి ఇంటిదారి పట్టారు.

మైకు అసలు పేరు అది కాదు. ఐదో తరగతి చదివే ఆ పిల్ల ఏం మాట్లాడినా వీధి చివరిదాకా వినబడుతుందని వాళ్ళ నాన్న ముద్దుగా అలా పిలిచేవాడు. అదే బళ్ళోనూ స్థిరపడిపోయింది.

ఆమె వెక్కిరించింది చర్చి పక్కగోడని. చాలా పొడవైన గోడ అది. ఎన్నాళ్ళుగానో వాననీటి చారలతో బూడిదరంగులో ఉండేది. దాని మీద బొమ్మ వేయడానికి పాస్టరు గారు ఒక చిత్రకారిణిని పిలిపించారు. ఆవిడ పొద్దున్నే పరంజా ఎక్కితే సాయంత్రానికి గానీ దిగేది కాదు.

ఆవిడ వేసేది మనిషి బొమ్మ కాదు, చెట్టు బొమ్మ కాదు. వంకర తిరిగిన పెద్ద పెద్ద చారలు. తెగిన వలయాలు. నీలం మీదికి దూసుకొచ్చే పసుపు. ఒక మూలన నారింజరంగు మరక.

మర్నాటికల్లా బడి అంతా ఆ గోడని 'లారీ గోడ' అనడం మొదలుపెట్టింది. మైకుకి ఒళ్ళు తెలియని సంతోషం. మెట్ల మీద పెద్ద క్లాసు వాళ్ళు కూడా ఆపి, "ఆ పేరు నువ్వే పెట్టావటగా?" అని అడిగారు.

ఆమె నాన్న సిటీ బస్సు నడుపుతాడు. ఒకరోజు ఆయన నవ్వుతూ ఇంటికొచ్చాడు.

"ఈరోజు మా కండక్టరు 'లారీ గోడ దిగేవాళ్ళు రండి' అని కేకేశాడు. చర్చి స్టాపు అంటే ఎవరికీ ఎక్కట్లేదిప్పుడు!"

"ఆ పేరు నేనే పెట్టాను నాన్నా!"

"నీ నోటికి దణ్ణమే తల్లీ!" అన్నాడు నాన్న.

కానీ ఆ వారం చివర్లో నాన్న నవ్వలేదు. అన్నం తింటూ అమ్మతో చెప్పాడు.

"చర్చి వాళ్ళకి తల కొట్టేసినట్టుందట. ఊరంతా నవ్వుతోంది, ఇక పని ఆపించి గోడకి తెల్లరంగు కొట్టించేద్దాం అంటున్నారట సంఘ పెద్దలు. ఆదివారం ఆరాధన అయ్యాక మాట్లాడుకుంటారు. వీధివాళ్ళు కూడా రావచ్చట."

"పాపం, ఇన్నాళ్ళు ఎండలో నిలబడి వేసిందే ఆ అమ్మాయి!" అంది అమ్మ.

మైకు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

శనివారం బడి లేదు. మైకు ఒక్కతే చర్చి దగ్గరికి వెళ్ళింది. పరంజా మీద ఎవరూ లేరు. చిత్రకారిణి కింద గొంతుక్కూర్చుని తడిగుడ్డతో గోడ తుడుస్తోంది. ఎవరో బొగ్గుతో గోడ మీద లారీ బొమ్మ గీశారు. తుడిచేకొద్దీ ఆ నలుపు పసుపులోకి పాకుతోంది.

"అది నేను గీయలేదక్కా," అంది మైకు గబగబా.

"నువ్వు గీశావని నేను అన్లేదుగా," అందావిడ. "కాస్త ఆ బకెట్టు ఇటు జరుపుతావా?"

మైకు బకెట్టు జరిపింది. ఇంకో గుడ్డ తీసుకుని తనూ తుడవసాగింది.

"పేరు మాత్రం భలే పెట్టారు ఎవరో," అంది చిత్రకారిణి. "మొదటిరోజు నేను కూడా నవ్వాను."

"తర్వాత?"

"తర్వాత నవ్వు రాలేదు."

మైకు గుడ్డని గట్టిగా పిండింది. చేతుల మీదుగా నల్లనీళ్ళు కారాయి. "పెట్టింది నేనే," అంది. ఆ మాట ఆమెకే సరిగ్గా వినబడలేదు.

చిత్రకారిణి తుడవడం ఆపింది. తిట్టలేదు. "ఎక్కణ్ణుంచి చూసి అన్నావు?" అని అడిగింది.

"ఎక్కణ్ణుంచీ చూళ్ళేదు. నడుస్తూ నడుస్తూ అనేశాను."

"సరే, రా."

ఇద్దరూ రోడ్డు దాటి అవతలి ఫుట్‌పాత్ మీద నిలబడ్డారు. అక్కణ్ణుంచి గోడ మొత్తం ఒకేసారి కనిపించింది. మైకు ఊరికే చూసింది. బస్సు ఒకటి అడ్డం వచ్చి వెళ్ళిపోయింది. మళ్ళీ చూసింది. తెగిన వలయాలు అనుకున్నవి తెగలేదు. ఒకదాని వెనక్కి ఒకటి వెళ్ళి, అవతల మళ్ళీ పైకి లేస్తున్నాయి. కింద ముదురుగా మొదలైన పసుపు పైకి వెళ్ళేకొద్దీ పలచబడి, కప్పు దగ్గర ఆకాశంలో కలిసిపోతోంది.

"నాకు అర్థం కాలేదక్కా," అంది మైకు. "కానీ ఆ పసుపు చూస్తుంటే, క్లాసులో అందరం ఒకేసారి పాట ఎత్తుకున్నట్టుంది."

చిత్రకారిణి కళ్ళు చిట్లించి ఆ పసుపు వైపే చూసింది.

"ఆ నారింజ మూల మాత్రం నచ్చలేదు," అంది మైకు. అన్నాక నాలుక కరుచుకుంది.

"నాకూ అది కుదరట్లేదు," అందావిడ. "ఇంకో నాలుగు రోజులుంటే సరిచేసేదాన్ని."

ఆదివారం నాన్నతో కలిసి మైకు చర్చి హాలుకి వెళ్ళింది. బెంచీలన్నీ నిండిపోయాయి. చిత్రకారిణి చివరి బెంచీలో కూర్చుంది. తెల్లజుట్టు సంఘ పెద్ద లేచాడు.

"గోడ మీద ఒక్క శిలువ లేదు, ఒక్క మనిషి లేడు. మన చర్చిని చూసి జనం నవ్విపోతున్నారు. బస్సులో కూడా లారీ గోడ అంటున్నారండీ!"

కొందరు తలలూపారు. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

మైకు లేచి నిలబడింది. ఏదో గొణిగింది.

"ఏంటమ్మా?" అన్నారు పాస్టరు గారు. "గట్టిగా చెప్పు."

"ఆ పేరు నేను పెట్టాను. గోడని చూడకుండా పెట్టాను. నా మాట విని మిగతావాళ్ళు నవ్వారు." మైకు ఆగి ఊపిరి పీల్చుకుంది. "నిన్న చూశాను. ఒక మూల నచ్చలేదు. మిగతాది నచ్చింది. మీరు తెల్లరంగు కొట్టించాలనుకుంటే కొట్టించండి. కానీ నా మాట విని కాదు. చూసి చెప్పండి."

సంఘ పెద్ద గొంతు సవరించుకున్నాడు.

"నిజం చెప్పాలంటే, నేనూ కారు అద్దంలోంచే చూశాను," అన్నాడు.

"అయితే పదండి," అన్నారు పాస్టరు గారు.

అందరూ రోడ్డు దాటారు. ఫుట్‌పాత్ చాలక కొందరు దుకాణాల మెట్లెక్కారు. చాలాసేపు చూశారు. ఒకామె బావుందంది. ఒకాయన తలనొప్పి వస్తోందన్నాడు. నాన్న టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు.

చివరికి సంఘ పెద్ద, "నాకైతే నచ్చలేదు," అన్నాడు. "కానీ సగంలో ఉన్నదాన్ని తీసేయమనడం నాకు సబబుగా లేదు. పూర్తి చేయనిద్దాం. అప్పుడు మాట్లాడదాం."

సోమవారం సాయంత్రం చిత్రకారిణి పరంజా మీద నారింజ మూల చెరిపి మళ్ళీ వేస్తోంది. మైకు స్నేహితులతో అటుగా వచ్చింది. వాళ్ళ వెంట నడుస్తున్న ఒకటో తరగతి బుడతడు గోడ చూసి నోరెళ్ళబెట్టాడు.

"అక్కా, అదేంటక్కా?"

స్నేహితులంతా మైకు ఏమంటుందా అని ఆమె మొహంలోకి చూశారు. అప్పుడే నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు.

మైకు బ్యాగు దించి ఫుట్‌పాత్ మీద కూర్చుంది. తన పక్కన బుడతడికి చోటు చూపించింది.

"నాకూ ఇంకా తెలీదు. రా, కాసేపు చూద్దాం."