వాండా ఆంటీ అడిగిన నాలుగో కంచం

డెట్రాయిట్ శివార్లలోని ఆ వీధిలో ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. యుద్ధంలో సొంత ఊళ్ళు పోగొట్టుకుని ఓడలెక్కి వచ్చిన పోలిష్ వాళ్ళు, ఫౌండ్రీలో ఇనుము కరిగిస్తూ కట్టుకున్న ఇళ్ళు. ఫౌండ్రీ మూతపడి చాలా కాలమైంది. ఇళ్ళు చవగ్గా దొరుకుతున్నాయి. మొన్న వేసవిలో జోసఫ్ ఒకటి కొన్నాడు.

ఆ ఇళ్ళలో ఒక వింత ఏర్పాటుంది. పక్క తలుపు తీస్తే నేరుగా బేస్‌మెంట్‌లోకి. దాని మధ్యలో, చుట్టూ గోడైనా లేకుండా, ఒక షవర్. పని నుంచి వచ్చిన మగవాళ్ళు మసంతా అక్కడే కడుక్కుని, ఉతికిన బట్టలు తొడుక్కుని, పైకి భోజనానికి వచ్చేవాళ్ళట. జోసఫ్ భార్య వసంతకుమారికి ఇది తెగ నచ్చింది. "చూశారా, బయటినుంచి రాగానే కాళ్ళు కడుక్కోవాలని వీళ్ళకీ తెలుసు," అంది. అప్పట్నుంచి జోసఫ్ ఆఫీస్ నుంచి వచ్చేది ఆ తలుపులోంచే. కింద నీళ్ళ చప్పుడు వినబడగానే ఆవిడ వంటింట్లోంచి కేకేస్తుంది: "కాళ్ళు కడుక్కుని రండి, వడ్డించేశాను!"

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఎదురింటి వాండా ఆంటీ వచ్చింది. జోసఫ్ కొన్న ఈ ఇంట్లోనే పుట్టి పెరిగిన ముసలావిడ. ఈ రాత్రి భోజనానికి ముందు పోలిష్ వాళ్ళు విరిచి పంచుకునే పలుచని తెల్లటి రొట్టె ఒకటి, కాగితంలో చుట్టి, జోసఫ్ కూతురు జెమీమా చేతిలో పెట్టింది.

"ఇవాళ టేబుల్ మీద ఒక కంచం ఎక్కువ పెట్టండి. ఖాళీగా. దాని ముందు ఒక కుర్చీ."

"ఎవరికి ఆంటీ?"

"మా నాన్నకి. ఇలాంటి సాయంత్రమే ఫౌండ్రీలో కరిగిన ఇనుము ఆయన మీద పడింది. పూడ్చిపెట్టడానికి కూడా ఏమీ మిగల్లేదు. తను పోయేదాకా మా అమ్మ ఏటా ఈ కంచం పెట్టింది." ఆవిడ గొంతు తగ్గించింది. "చోటుంటే చూసుకుని వెళ్ళిపోతాడు. లేకపోతే... ఎవరి చోటో తీసుకుంటాడు."

ఆవిడ వెళ్ళగానే తల్లీకూతుళ్ళ మధ్య గొడవ మొదలైంది.

"చచ్చినవాళ్ళకి కంచాలు పెట్టడం మా అమ్మమ్మ కాలంలోనే మానేశాం. మళ్ళీ నువ్వు మొదలెడతావా?"

"ఒక్క ప్లేట్ మమ్మీ! ఈ ఇంటి ఇటుకలన్నీ వాళ్ళ చెమట. బతికినన్నాళ్ళూ నిలబడి పనిచేసి, నిలబడే చచ్చిన మనిషికి ఇప్పుడొక కుర్చీ వేస్తే నీ దేవుడికేం కోపం?"

"నా దేవుడేంటే, నీక్కాదూ? కాలేజీ డిబేట్లలో కప్పులు కొట్టావని నా వంటింట్లో లాయర్ వేషాలెయ్యకు!"

అయినా జెమీమాయే గెలిచింది. నాలుగో కంచం తనే పెట్టి, నాలుగో కుర్చీ లాగి, చీర కట్టుకోవడానికి పైకెళ్ళింది.

దిగి వచ్చేసరికి కంచం లేదు. కుర్చీ నిండా, రేపు చర్చికి పట్టుకెళ్ళాల్సిన కేకుల డబ్బాలు.

"ఖాళీ కంచం ముందు పెట్టుకుని నేను ప్రార్థన చెయ్యలేను," అంది వసంతకుమారి, అటు తిరక్కుండానే.

జెమీమా నోరు తెరిచింది. అప్పుడే కింద నీళ్ళు పడటం మొదలైంది.

"కాళ్ళు కడుక్కుని రండి, వడ్డించేశాను!" అలవాటుగా కేకేసింది వసంతకుమారి.

మెట్ల వైపునుంచి వాసన... కాలిన ఇనుము వాసన. దాని వెనకే సబ్బు. ముక్కు మండించే ఘాటు సబ్బు. ఆ ఇంట్లో ఎవరూ వాడనిది.

జెమీమా కిటికీలోంచి చూసింది. ఇంటి ముందు మంచు తెల్లగా, సాపుగా ఉంది. టైరు గీత ఒక్కటీ లేదు.

"మమ్మీ... డాడీ కారు లేదు."

వసంతకుమారి చేతిలో గరిటె ఆగిపోయింది.

కింద నీళ్ళు పడుతూనే ఉన్నాయి. నీళ్ళతోపాటు బరబరమని ఇంకో చప్పుడు. బ్రష్‌తో చర్మం తోముతున్న చప్పుడు. ఆగకుండా...

"నువ్వు పిలిచేశావు మమ్మీ," గొణిగింది జెమీమా.

గోడమీద వెలుగు పాకింది. కారు లైట్లు. ఈసారి నిజంగానే డాడీ. జెమీమా గబగబా ఫోన్ చేసింది.

"డాడీ, ముందు తలుపులోంచి రా. ప్లీజ్!"

"బూట్లనిండా మంచు తల్లీ, మీ అమ్మ నన్ను బతకనిస్తుందా? ఇదిగో, లోపలికి వచ్చేశా... ఈ షవర్ ఎవరు తిప్పారే? అబ్బ, ఆవిరికి ఏమీ కనబడ్డంలే..."

ఫోన్ కట్టయింది.

నీళ్ళు ఆగిపోయాయి.

మెట్లమీద అడుగులు. బరువుగా. నింపాదిగా. ఒక్క మనిషివే.

తలుపు తెరుచుకుంది. జోసఫ్. తడి జుట్టు వెనక్కి దువ్వుకుని, చొక్కా గుండీలు గొంతుదాకా పెట్టుకుని ఉన్నాడు.

"హమ్మయ్య... ప్రభువా," అని వసంతకుమారి అక్కడే చతికిలబడింది.

అతను తన కుర్చీలోనే కూర్చున్నాడు. కూరలు చల్లారేదాకా ప్రార్థన చేస్తే గానీ ముద్ద ముట్టని జోసఫ్, కళ్ళైనా మూసుకోలేదు. కాగితం విప్పి తెల్ల రొట్టె తీశాడు. విరిచి ఒక ముక్క భార్యకి, ఒక ముక్క కూతురికి చాచాడు. ఆ రొట్టె సంగతి అతనికెవరూ చెప్పలేదు.

చేతులు ఎర్రగా కందిపోయాయి, తోమితోమి. గోళ్ళ అంచుల్లో మాత్రం నల్లటి మసి.

"డాడీ?"

అతను ఆప్యాయంగా చూశాడు. ఎన్నేళ్ళకో కనబడిన మనిషిని చూసినట్టు.

కింద మళ్ళీ నీళ్ళు మొదలయ్యాయి. ఆ చప్పుడులో సన్నగా, చలికి వణుకుతూ, ఒక కూనిరాగం. తెలుగు క్రిస్మస్ పాట. స్నానం చేస్తూ డాడీ రోజూ తీసే రాగం...

జెమీమా లేచింది. కేకుల డబ్బాలు ఒక్కొక్కటే నేలమీదికి దించింది. నాలుగో కుర్చీ ముందు ఖాళీ కంచం పెట్టింది.

"పిలువు మమ్మీ."

వసంతకుమారి పెదవులు తడుపుకుంది. టేబుల్ దగ్గర కూర్చున్నవాడి వైపు చూడకుండా, మెట్ల వైపు తిరిగింది. "ఏమండీ... కాళ్ళు కడుక్కుని రండి..."

కింద కూనిరాగం ఆగింది.

నీళ్ళు ఆగలేదు. మెట్లమీద అడుగులూ రాలేదు. కాసేపటికి, ఇందాకటిలాగే, బ్రష్‌తో చర్మం తోముతున్న చప్పుడు మొదలైంది.