అత్తగారు గీసిన సున్నా

ఆ ఇంట్లో పొద్దున్న ఏడింటికి మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. మామగారు పేపరు విప్పుతారు, అత్తగారు టీ గిన్నె దించుతుంది, కోడలు బాత్‌రూమ్‌లో వాంతి చేసుకుంటుంది. మొదటి రెండూ ఏళ్లనాటి అలవాట్లు. మూడోది మొదలై నెల రోజులే అయినా, అది కూడా ఇంటి గడియారంలో చేరిపోయింది.

"నా స్టూడెంట్లు క్లచ్ ఒక్కసారిగా వదిలేసినప్పుడు కారు ఇలాగే ఎగిరెగిరి పడుతుంది," అన్నాడు భర్త, తువ్వాలు పట్టుకుని తలుపు బయట నిలబడి. అతను డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. భయమేస్తే జోకులేస్తాడు. ఈమధ్య మరీ ఎక్కువగా వేస్తున్నాడు.

"నవ్వించకు, మళ్లీ వస్తుంది," అంటూ ఆమె మొహం కడుక్కుంది. "ఇవాళ పరీక్షకి రక్తం ఇస్తానన్నావు. గుర్తుందా?"

"ఇవాళ ఇద్దరికి లైసెన్సు టెస్టుంది. రేపు తప్పకుండా."

"నీ రేపు పదిహేను రోజుల్నించి నడుస్తోంది. నా కడుపు మాత్రం ఆగడం లేదు. పదో వారం దాటుతోంది."

ఆమె ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. కడుపుతో ఉన్నవాళ్లకి, వాళ్ల భర్తలకి పుట్టబోయే బిడ్డకు ఏ జబ్బులు వచ్చే వీలుందో కూర్చోబెట్టి చెప్పే గదిలో పని. ఎవరొచ్చినా ముందు వాళ్ల కుటుంబం బొమ్మ గీస్తుంది. మగవాళ్లకి పెట్టె, ఆడవాళ్లకి సున్నా, పోయినవాళ్ల మీద అడ్డగీత. చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ఉంటుంది కాబట్టి వార్డులో అందరూ ఆమెని పెన్సిలమ్మ అంటారు.

ఆ పెన్సిలమ్మ రక్తంలోనే తలసేమియా జన్యువు ఒకటి దాక్కుని ఉందని రెండు వారాల క్రితం తేలింది. దానివల్ల ఆమెకేమీ కాదు. భర్తలో కూడా అలాంటిదే ఉంటే మాత్రం, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంది. జబ్బొస్తే ఆ పసి ఒంట్లో రక్తం నిలవదు. నెలనెలా ఎక్కిస్తూ ఉండాలి. భర్త రక్తం చూస్తే సగం సంగతి తేలిపోతుంది. అవసరమైతే కడుపులోని బిడ్డకు పరీక్ష చేయించడానికి టైముంటుంది. ఆ టైమే కరిగిపోతోంది.

"మా వంశంలో అలాంటి జబ్బుల్లేవమ్మా," అన్నారు మామగారు పేపరు దించకుండానే. ఈ మాట కూడా రోజూ ఏడు గంటల కార్యక్రమంలో భాగమే. "నీలో ఉందంటే మీ పుట్టింటివాళ్లని అడుగు. మా వాడికెందుకు సూదులు?"

"వంశం సంగతి మీరు చెప్తే సరిపోదు మామయ్యా. రక్తం చెప్పాలి."

పేపరు కొంచెం కిందికి దిగింది. మామగారు సర్వేయరుగా రిటైరయ్యారు. ముప్పై అయిదేళ్లు ఊరందరి స్థలాలకీ హద్దులు గీసిన మనిషి. ఆయన గీత గీస్తే దాటే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదని ఆయన నమ్మకం. కొడుకు మటుకు ఆ నమ్మకాన్ని ఇన్నేళ్లూ చెడగొట్టలేదు.

అత్తగారు టీ కప్పు కోడలి ముందు పెట్టి, ఆమె కనురెప్ప వేలితో కిందికి లాగి లోపలి రంగు చూసింది. ఆ పని నర్సులు చేస్తారు. ఈవిడకెలా తెలుసో అనుకుంది కోడలు. బస్సు టైమవడంతో ఆ ఆలోచన అక్కడే వదిలేసి బయల్దేరింది.

ఆసుపత్రిలో మధ్యాహ్నం హెడ్ సిస్టర్ పిలిచింది. బల్ల మీద పెన్సిలమ్మ సొంత కుటుంబం బొమ్మ ఉంది.

"ఈ ఎడమపక్క, మీ ఆయన వైపుది, అడిగి రాశావా?"

"మా అత్తగారిల్లే కదా సిస్టర్. ఒక్కడే కొడుకు. నాకు తెలిసిందేగా."

"కొత్త నర్సులకి నువ్వు చెప్పే మొదటి పాఠం ఏంటి?"

పెన్సిలమ్మ చెవులు వేడెక్కాయి. ఆ పాఠం ఆమెదే. పిల్లలెంతమంది అని అడగొద్దు, ఎన్నిసార్లు కడుపొచ్చిందని అడగండి. మొదటిది అడిగితే ఇప్పుడున్నవాళ్లని చెప్తారు, రెండోది అడిగితే లేనివాళ్లని కూడా చెప్తారు. వందలసార్లు చెప్పిన మాట సొంత ఇంటి దగ్గరికొచ్చేసరికి గాలికి వదిలేసింది. తెలిసిన ఇల్లు కదా అని ఊహించి రాసేసింది.

"ఇంటికెళ్లి అడుగు. ఆ తర్వాత వాళ్లని తీసుకురా, నేను రాస్తాను. సొంతవాళ్ల చార్టు సొంతంగా రాస్తే ఇలాగే ఉంటుంది," అని హెడ్ సిస్టర్ కాగితం వెనక్కి ఇచ్చేసింది.

సాయంత్రం నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నాక పెన్సిలమ్మ ప్లేటు పక్కకి జరిపి ఆ కాగితం పరిచింది.

"మాకు పెట్టె, మీకు సున్నా. పక్షపాతం చూశావా అమ్మా?" అన్నాడు భర్త.

కోడలు అత్తగారి వైపు తిరిగింది.

"అత్తయ్యా, మీకు మొత్తం ఎన్నిసార్లు కడుపొచ్చింది?"

అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. అత్తగారి కంటే ముందు మామగారు మాట్లాడారు.

"తినే చోట అడిగే ప్రశ్నేనా ఇది? ఒక్కడే కొడుకు. కనిపిస్తున్నాడుగా, ఎదురుగానే కూర్చున్నాడు. రాసుకుని మూసెయ్."

"నేను మిమ్మల్ని అడగలేదు మామయ్యా. కడుపు మోసింది మీరు కాదు."

"ఏంట్రా ఇది! మీ ఆవిడ నోరు చూస్తున్నావా?"

డ్రైవింగ్ మాస్టారు బ్రేకు మీద కాలేసిన మనిషిలా బిగుసుకుపోయాడు. మామగారి గొంతు పెరిగింది. "సరే, పరీక్ష చేయించావే అనుకో. చెడ్డగా వచ్చింది. అప్పుడేం చేస్తావు?"

"అది నేనూ ఆయనా కూర్చుని తేల్చుకుంటాం. ఏం చెయ్యాలో నాకింకా తెలీదు. భయంగా కూడా ఉంది. కానీ తెలుసుకోకుండా మాత్రం కూర్చోను. మీరు కోప్పడతారని నా బిడ్డ సంగతి వదిలెయ్యలేను."

అప్పుడు అత్తగారు గరిటె కింద పెట్టింది. చెయ్యి చాపి కోడలి చెవి మీది పెన్సిలు తీసుకుంది.

"ఆ పెన్సిలు అక్కడ పెట్టు," అన్నారు మామగారు. ఈసారి గొంతు పెద్దగా లేదు.

"పెట్టను."

ముప్పై ఏడేళ్ల కాపురంలో ఆ ఇంటి గోడలు ఆ మాట వినలేదు. కాగితం దగ్గరికి లాక్కుని, కొడుకు పెట్టె పక్కన ఆవిడ ఒక సున్నా గీసింది. పెన్సిలు పట్టడం అలవాటు లేక అది కోడిగుడ్డులా వచ్చింది. దాని మీద ఒక అడ్డగీత గీయబోయి గీయలేక కోడలి వైపు చూసింది. కోడలు ఆ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కలిసి గీశారు.

"రెండుసార్లు," అంది అత్తగారు. "వీడికంటే ముందు ఆడపిల్ల."

"చచ్చిపోయిన పిల్లని కాగితం మీదికెక్కించి ఏం సాధిస్తావు?" అన్నారు మామగారు.

"బతికున్నవాణ్ని కదిలిద్దామని. పదిహేను రోజుల్నించి రేపు రేపంటున్నాడు." ఆవిడ కళ్లు తుడుచుకోలేదు. "ఆర్నెల్లదాకా బాగానే ఉందమ్మా. ఆ తర్వాత పాలిపోవడం మొదలైంది. కాళ్లూ చేతులూ పుల్లల్లా అయిపోయి, పొట్ట మాత్రం పెరిగేది. రక్తం ఎక్కిస్తే నాలుగు రోజులు నవ్వేది. రోజూ కనురెప్ప లాగి చూసుకునేదాన్ని, ఎర్రగా ఉందా లేదా అని. పెద్ద డాక్టరు మా ఇద్దరి రక్తం పరీక్ష చెయ్యాలన్నాడు. నేను చెయ్యి చాపాను. ఈయన బయటికెళ్లిపోయారు."

"అమ్మా..." అన్నాడు కొడుకు.

"పిల్ల పోయాక మీ నానమ్మ నా కడుపులో విషముందంది. మీ నాన్న కాదనలేదు. ఈ ఇంట్లో దాని ఊసెత్తొద్దన్నారు. వీడు పుట్టి రెండేళ్లు నిండేదాకా నాకు ముద్ద దిగితే ఒట్టు. ముప్పై మూడేళ్లుగా నా బిడ్డని నేనే చంపుకున్నాననుకుంటూ వంట చేస్తున్నానమ్మా."

పెన్సిలమ్మకి ఏడుపు ఆగలేదు. ఆసుపత్రిలో ఎప్పుడూ ఆపుకుంటుంది. ఇక్కడ ఆపుకోవాల్సిన పని లేదు.

"అత్తయ్యా, ఇటు చూడండి. పరీక్ష చెయ్యందే నేను ఖాయంగా చెప్పలేను. కానీ మీరు చెప్పిందంతా ఆ జబ్బులాగే ఉంది. అదే అయితే ఒక్కరి నుంచి రాదు. మీ నుంచి ఒకటి, మామయ్య నుంచి ఒకటి కలిస్తేనే వస్తుంది. మీ ఇద్దరికీ తెలియకుండానే మీలో ఉంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. విషమూ లేదు, పాపమూ లేదు."

అత్తగారు ఆ మాట అర్థం కానట్టు చూసింది. "ఇంకోసారి చెప్పు," అంది. కోడలు ఇంకోసారి చెప్పింది. మూడోసారి కూడా చెప్పించుకుని, అప్పుడు మొహం కొంగులో దాచుకుని బావురుమంది.

మామగారు లేచి గదిలోకెళ్లి తలుపేసుకున్నారు.

"నాకు అక్క ఉందా?" అన్నాడు డ్రైవింగ్ మాస్టారు. ఈసారి జోకు వెయ్యలేదు. "ఉందని తెలిశాక, నా లెక్కెంత?"

"నీలో కూడా ఉండే అవకాశం మూడింట రెండు వంతులు."

"రేపు వెళ్దాం," అని, భార్య చూపు చూసి తడబడ్డాడు. "ఈ రేపు ఆ రేపు కాదు. పొద్దున్నే. ల్యాబు తలుపు తీసే టైముకి."

మర్నాడు ముగ్గురూ బయల్దేరారు. మామగారు పేపరు వెనకాల ఉన్నారు. ఎవరూ ఆయన్ని రమ్మనలేదు. అత్తగారు చెప్పులేసుకుంటూ, "టీ గిన్నె పొయ్యి మీదుంది, మీరే పోసుకోండి," అంది. ఈ మాట కూడా ఆ ఇంటికి కొత్తే.

కౌన్సెలింగ్ గదిలో హెడ్ సిస్టర్ కాగితం ముందేసుకుని మెల్లగా అడుగుతూ రాసుకుంటోంది. పెన్సిలమ్మ ఈసారి బల్లకి ఇటువైపు, భర్త పక్కన కూర్చుంది. ఎదుటివాళ్ల కుర్చీ ఇంత గట్టిగా ఉంటుందని ఆమెకి ఇన్నాళ్లూ తెలీదు.

"పాప పోయినప్పుడు వయసెంతమ్మా?"

"ఏడాదిన్నర దాటి ఉంటుంది..." అంది అత్తగారు. "ఆ రోజులేవీ నాకు సరిగ్గా..."

"పందొమ్మిది నెలల నాలుగు రోజులు."

అందరూ తలుపు వైపు చూశారు. మామగారు నిలబడి ఉన్నారు. చొక్కా ఎడమ చెయ్యి అప్పటికే మోచేతిపైకి మడిచి ఉంది. గబగబా నడిచొచ్చినట్టున్నారు, ఆయాసపడుతున్నారు.

అత్తగారు ఆయన వైపు తిరిగింది. ముప్పై మూడేళ్లుగా మర్చిపోయాడనుకున్న మనిషి రోజులతో సహా దాచుకున్నాడు. దాచుకుని, ఆ బరువంతా తన ఒక్కదానితోనే మోయించాడు. ఆవిడకి జాలీ కోపమూ రెండూ ఒకేసారి పొంగుకొచ్చాయి.

"అంత గుర్తుంటే, మీ అమ్మ నన్నంటున్నప్పుడు నోరెందుకు రాలేదు?"

"భయమేసింది," అన్నారాయన. "నా రక్తంలో ఉందని తేలితే నీ మొహం ఎలా చూడాలా అని భయమేసింది. ఆ తర్వాత చెప్పడానికి సిగ్గేసింది." కళ్లు తుడుచుకుని కాగితం మీదికి వంగారు. చేతులకి ఏదో ఒక పని కావాలి కాబోలు. "ఆ సున్నా వంకరగా వచ్చింది. ఇలా ఇవ్వండి, నేను సరిగ్గా గీస్తాను."

"వద్దు," అంది అత్తగారు. "వంకరగానే ఉండనీండి. అది నేను గీసింది."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆవిడ పక్క కుర్చీలోంచి తన సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నా కోపం పోలేదు."

"తెలుసు."

"కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. ల్యాబు అబ్బాయి వచ్చి మొదట ఎవరని అడిగితే కొడుకు లేవబోయాడు. మామగారు అతని భుజం నొక్కి కూర్చోబెట్టి తన చెయ్యి చాపారు. "ముందు నాది. ముప్పై మూడేళ్ల కిందటే ఇవ్వాల్సింది." సూది దిగుతుంటే ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నారు. అత్తగారు అటు చూడకుండానే ఆయన రెండో చెయ్యి పట్టుకుంది.

తర్వాత కొడుకు ఇచ్చాడు. రిపోర్టులు మూడు రోజుల్లో వస్తాయి. ఏం వచ్చినా, ఆలోచించుకోవడానికి ఇంకా టైముంది. పెన్సిలమ్మ భర్త చేతి మీది దూదిని వేలితో అదిమి పట్టుకుని, పదిహేను రోజుల్లో మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

హెడ్ సిస్టర్ ఆ వంకర సున్నా కింద వయసు రాయడానికి పెన్సిలు తీసింది. అత్తగారు బల్ల మీదికి వంగి ఆమె చెయ్యి ఆపింది.

"పెన్సిలుతో వద్దు సిస్టర్. పెన్నుతో రాయండి."