పూర్తి వాక్యం రాసిన గూఢచారిణి

ఏజెంట్ మిడత తన జీవితంలో ఒక్కసారి కూడా ఎవరికీ దొరకలేదు. డ్యూటీలో చేరిన రోజే దొంగగడ్డం ఊడి హెడ్ నర్సు టీ కప్పులో పడిందనుకోండి, అది లెక్కలోకి రాదు.

ఆ హెడ్ నర్సే అతని చీఫ్. నర్సులు ఇంటింటికీ తిరిగి మానసిక రోగులను చూసుకునే ఆ కేంద్రంలో, ప్రపంచం దృష్టికి మిడత మామూలు కంప్యూటర్ ఆపరేటర్.

సోమవారం చీఫ్ తలుపు వేసి బ్రీఫింగ్ మొదలుపెట్టింది.

"మన రోగుల రికార్డులు బయటికి పోతున్నాయి. కొనేది విదేశీ ముఠా."

"తెలుసు."

"నీకెలా తెలుసు?"

"మా అక్కది పోయింది."

అక్క స్కూల్ బస్సు నడిపేది. నర్సుతో చెప్పుకున్న మాటలన్నీ కొన్నవాళ్ళెవరో బస్సు యజమానికి పంపారు. మర్నాడే అతను తాళాలు లాక్కున్నాడు. అప్పట్నుంచీ అక్క మందులు వేసుకోవడం లేదు, నర్సులను లోపలికి రానివ్వడం లేదు. ఆ సంగతి చెబుతూ మిడత పళ్ళు కొరికిన చప్పుడుకి పక్క వీధి కుక్కలు ఊరొదిలి వెళ్ళిపోయాయి.

"ఇవాళ నాలుగింటికి ఇంకో మూడు వందల రికార్డులు పోతాయట," అంది చీఫ్. "పట్టుకుంటావా, పళ్ళు అరగదీసుకుంటావా?"

ఎవరెప్పుడు ఏం చూశారో నమోదయ్యే లాగ్‌ను మిడత తెరిచాడు. ఎవరు ఏ రికార్డు తెరిచినా కంప్యూటర్ 'ఎందుకు?' అని అడుగుతుంది. ఇరవై ఇళ్ళు తిరిగొచ్చిన నర్సులకు జవాబు రాసే ఓపిక ఎక్కడిది? ఒక చుక్క పెట్టి ముందుకెళ్ళిపోతారు. లాగ్ నిండా చుక్కలే. ఆకాశంలో కూడా అన్ని లేవు.

అక్క రికార్డు దగ్గర మాత్రం ఒక నర్సు పేరు మీద ఇలా ఉంది: 'చికిత్స కొనసాగింపు నిమిత్తం పరిశీలించడమైనది.'

"మనవాళ్ళెవరూ ఇంత పద్ధతిగా రాయరు, చీఫ్."

"గాగుల్స్ మేడమ్," అంది చీఫ్ మెల్లగా.

కొత్త సాఫ్ట్‌వేర్ నేర్పడానికి కంపెనీ పంపిన అందగత్తె ఆమె. నడిచొస్తే ప్రింటర్లు కూడా బుద్ధిగా పనిచేసేవి. దొంగను పట్టిస్తానని చీఫ్‌కు మాటిచ్చిందీ ఆమే. ఖాళీ వదలకండి, ఇలా నింపండి అని క్లాసులో బోర్డు మీద రాసింది సరిగ్గా ఆ వాక్యమే. ఒక్కరూ వినలేదు.

మూడు యాభై తొమ్మిది. ట్రైనింగ్ గదిలో ఆమె లాప్‌టాప్ మీద రికార్డులు తొంభై తొమ్మిది శాతం వెళ్ళిపోయాయి. మిడత గాల్లోకి ఎగిరి నెట్ వైరు పీకాడు. వైరుతోపాటు గోడ కూడా కాస్త వచ్చింది.

"ఏం కావాలయ్యా నీకు?"

"మా అక్క బస్సు తాళాలు."

"మీ అక్కెవరో నాకు తెలీదు."

"తెలీకుండానే ఇంత పని చేశారు. తెలిస్తే ఇంకేం చేసేవారో."

పోలీసులు ఆమెను తీసుకెళ్ళారు. మిడత పగ మాత్రం చల్లారలేదు. ఆమె పేరు కొట్టి వెతికాడు. రెండేళ్ళ క్రితం ఇంకో కేంద్రంలో ఆమె కూడా రోగే. 'ఎందుకు?' అంది కంప్యూటర్. 'పగ' అని కొట్టాడు. 'ఇవి ఎవరికీ చెప్పరు కదా అని రోగి మూడుసార్లు అడిగారు' అన్న మొదటి లైను చదవగానే అతని గుండె కరిగింది. మహానుభావుడు, వెంటనే మూసేశాడు.

చీఫ్ కాగితాలు బల్ల మీద పెట్టింది.

"సంజాయిషీ రాయమంటే ఇదా రాసేది? చదువుతుంటే నాకే నీకు దండెయ్యాలనిపించింది. నిజంగా వెంటనే మూసేశావా?"

"మూసేశాను, చీఫ్."

"నలభై ఒక్క నిమిషాలు తెరిచే ఉందిరా."

సరే. మిడతా లేదు, గిడతా లేదు. నేనే. చివరిదాకా చదివాను, కొన్ని పేజీలు రెండుసార్లు.

"ఎవరికైనా చెప్పావా?"

"అక్కకి. సంతోషిస్తుందనుకున్నాను."

"ఏమంది?"

"'నాది కూడా ఎవడో ఇలాగే ఇంట్లోవాళ్ళకి చదివి వినిపించి ఉంటాడు' అంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు."

చీఫ్ తెల్లకాగితం ముందుకు తోసింది. ఈ ఉద్యోగం పోయినా నాకు బాధ లేదని మొదలుపెట్టాను. అదీ అబద్ధమే, కొట్టేశాను.