ఖాళీ కడుపుతో పడవెక్కడం

పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఇంట్లో పొద్దున్నే లేచి చెంచమ్మ చేసిన మొదటి పని చద్దన్నం కుండను వెతకడం. కుండ ఉట్టి మీద లేదు. అత్త పేరమ్మా కనిపించలేదు, మొగుడు చిన్నపోలయ్యా కనిపించలేదు. చెంచమ్మకు ఒళ్లు మండింది.

మామ నలభై యేళ్లకే పేగులో రాచపుండుతో పోయాడు. బావగారు పెదపోలయ్య పందొమ్మిది వందల అరవై రెండులో, ముప్పయ్యారేళ్లకే, అదే జబ్బుతో పోయాడు. ఇది ఆ ఇంటి రక్తంలోనే ఉన్నట్టుంది, తమ్ముడికి ఏ బాధా లేకపోయినా సరే గొట్టం పెట్టి పేగు లోపల చూడాలని మద్రాసు డాక్టరు గట్టిగా చెప్పాడు. ముందు రోజు నుంచి అన్నం ముట్టకూడదు, గంజినీళ్లే తాగాలి. చిన్నపోలయ్య రెండుసార్లు మద్రాసు వెళ్లాడు, రెండుసార్లూ తినే వెళ్లాడు. ఇంకోసారి ఇలా వస్తే తను చూడనని డాక్టరు విసుక్కున్నాడు.

ఇవాళ మళ్లీ ప్రయాణం. సరస్సు దాటితే గాని సూళ్లూరుపేటలో రైలెక్కలేరు. ఖాళీ కడుపుతో పడవెక్కితే గంగమ్మకు కోపమని ఆ ఊరి నమ్మకం. పెళ్లాం మొత్తుకున్నది ఆ మహానుభావుడి చెవికెక్కదు గానీ, తల్లి ముద్ద కలిపితే మాత్రం నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

అనుకున్నట్టే ఇద్దరూ పడవ దగ్గర దొరికారు. అదృష్టం, ముద్ద ఇంకా నోటిదాకా పోలేదు. చెంచమ్మ అత్త చెయ్యి పట్టుకుని ఆపింది.

“యిది మూడోసారి అత్తా. యీ కొడుకును గూడా చంపుకుంటావా?”

మాట జారిందని ఆమెకే తెలిసింది. పేరమ్మ ఇసుకలో కూలబడింది.

“ఆపరేషను రోజు పెద్దోడు ఒక్క ముద్ద పెట్టమన్నాడు మే. డాక్టరు తిడతాడని నేను పెట్టలా. ఆకల్తోనే పోయినాడు నా బిడ్డ.”

చెంచమ్మ కోపమంతా నీరైపోయింది. ఇన్నాళ్లూ దీన్నా తను మొండితనమనుకున్నది? పక్కనే కూర్చుంది.

“ఆకల్తో పోలేదత్తా. దొడ్డికి పోతే రెండేళ్లు నెత్తురు పడతా ఉన్నా సిగ్గుపడి యెవురికీ చెప్పలా. ఆలస్యమై పోయినాడు. యీయన్ని ముందే చూపిద్దాం.”

చిన్నపోలయ్య తల వంచుకుని నిలబడ్డాడు. పేరమ్మ చేతిలో ముద్ద చేపలకు వేసి, చెయ్యి కడుక్కుని, కొడుకు కంటే ముందు తనే పడవెక్కింది.

“నేనూ పొద్దుట్నుంచి యేమీ తిన్లా. గంగమ్మకు కోపమొస్తే నా మీదికే రానీ. పడవ పోనీరా.”