పన్నెండింటికి చెరిపివేత

“పార్సిల్, మేడమ్.”

డెలివరీ జాకెట్ వేసుకున్నవాడు అట్టపెట్టె ముందుకు చాచాడు. ఆమె మార్కెట్ నియంత్రణ శాఖలో తనిఖీ అధికారి. చంకలో ఫైలు ఉంది.

“నేనేం ఆర్డర్ చెయ్యలేదే,” అంది.

పెట్టెలోంచి రెండుసార్లు చప్పుడైంది. ఆమె గుమ్మంలోనే కూలిపోయింది. వాడు ఫైలు తీసుకుని, మెట్లు దిగి, తాపీగా బైకెక్కి వెళ్ళిపోయాడు.

ఆమెకు ఒక్కడే తమ్ముడు. సీక్రెట్ సర్వీస్‌లో అతన్ని ముల్లు అంటారు.

మూడోనాడు ఉదయం చీఫ్ గదిలో బ్రీఫింగ్.

“కూర్చో.”

“నిలబడే వింటాను సార్.”

“జనం పెద్దకొట్టు అంటారే, ఆ ఆన్‌లైన్ కంపెనీ. చిన్న వ్యాపారులకి చోటిస్తుంది. ఎవడి సరుకు బాగా పోతే దాన్ని కాపీ కొట్టి, సొంత బ్రాండ్‌తో పైన పెట్టి, అసలువాణ్ణి అడుక్కి తోస్తుంది. వెనక విదేశీ ముఠా ఉంది. ఆ దొంగతనాలన్నిటికీ మీ అక్క జాబితా రాసింది. పోయిన ఫైలు అదే. కాపీ లేదు.”

“ఇంకా?”

“రేపట్నుంచి కొత్త చట్టం. కొట్టు నడిపేవాడు అందులో సొంత సరుకు అమ్మకూడదు. అందుకే ఇవాళ పన్నెండింటికి ఎనభై వేల మంది వ్యాపారుల పేజీలు శాశ్వతంగా చెరిపేస్తారట. రేపు చట్టం వచ్చినా పోటీకి మనిషి మిగలడు. కోర్టు ఆర్డర్ సాయంత్రం దాకా రాదు.”

“దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు.”

చీఫ్ ఆ మాట విననట్టు నటించాడు. “అక్కడ మన మనిషి కాటుక. ఛైర్మన్ సలహాదారు. జీతం వాళ్ళదీ తీసుకుంటుంది, మనదీ తీసుకుంటుంది. ఎవరి మనిషో ఒట్టేసి చెప్పలేను. ఛైర్మన్ మాత్రం నాకు ప్రాణాలతో కావాలి. నీ ముఖం చూస్తే నమ్మకం కుదరట్లేదు.”

“నాకూ కుదరట్లేదు సార్.”

పదకొండున్నరకి ఏసీ మెకానిక్ వేషంలో ముల్లు పెద్దకొట్టు కంట్రోల్ రూమ్ చేరాడు. చేతిలో స్క్రూడ్రైవర్, దాని పిడిలో పెన్ డ్రైవ్. ఎర్ర సిల్కు సూట్‌లో ఒకావిడ తలుపు తీసింది. అంత అందాన్ని నమ్మడం ఆరోగ్యానికి మంచిది కాదు.

“గది చల్లబడట్లేదేం?”

“పాత గ్యాస్ మేడమ్. మార్చెయ్యాలి.”

కోడ్ సరిపోయింది. కాటుక మూల కంప్యూటర్ చూపించి పక్కకు తప్పుకుంది.

పెన్ డ్రైవ్ గుచ్చగానే లాక్ తెరుచుకుంది. తెరమీద ఆజ్ఞ కనిపించింది: ఒకే ఫోటో రెండు పేజీల్లో ఉంటే, మన బ్రాండ్ కానిదాన్ని చెరిపెయ్యి. ముల్లుకి కళ్ళు చెమర్చాయి. అన్నం ముందు కూర్చుని కూడా అక్క ఫోటోలే పోల్చి చూసుకునేది. ఎవరో ఇల్లాలు తను కుట్టిన సంచీని వంటింటి కిటికీలో పెట్టి తీసిన ఫోటో, అదే కిటికీతో పెద్దకొట్టు బ్రాండ్ మీదా ఉంది. “ఈ దొంగ వెధవలకి ఫోటో తీసుకునే ఓపిక కూడా లేదురా,” అని నవ్వేది.

అతను ఆ ఒక్క వరుసే మార్చాడు: రెండిట్లో తర్వాత పెట్టినదాన్ని చెరిపెయ్యి.

మెడకి చల్లగా పిస్టల్ తగిలింది.

“చేతులెత్తు,” అంది కాటుక.

ఛైర్మన్ లోపలికొచ్చాడు. గడియారం పన్నెండుకి రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. “ఏమైనా ముట్టుకున్నాడా?”

“స్క్రూ విప్పుతుంటేనే పట్టుకున్నాను సర్.”

ఛైర్మన్ స్థిమితపడ్డాడు. “ఆ తనిఖీ ఆవిడ తమ్ముడివా? పోలికలున్నాయి. ప్రభుత్వానికి వ్యాపారంలో ఏం పనయ్యా? మార్కెట్‌ని మార్కెట్‌కి వదిలెయ్యాలి. జనం మమ్మల్నే ఎంచుకున్నారు.”

“ఎంచుకోడానికి ఇంకో కొట్టు మిగల్చాలిగా.”

ఛైర్మన్ నవ్వి, సరిగ్గా పన్నెండుకి వేలిముద్ర యంత్రం మీద బొటనవేలు నొక్కాడు.

గోడంత తెరమీద పేజీలు మాయమవడం మొదలైంది. సంచులు, గొడుగులు, కుర్చీలు, ఛార్జర్లు. అతని నవ్వు సగంలో ఆగింది.

“ఇవి మనవి! ఆపండి!”

శాశ్వతంగా చెరపమన్నది అతనే. ఆపే దారి అతనే పెట్టలేదు. పైగా యంత్రం తన అలవాటు ప్రకారం చెరిపిన ప్రతిదానికీ పద్దు రాస్తోంది: అసలు ఎవరిది, కాపీ ఏది, ఏ తేదీ, ఎవరి అనుమతి. అక్క ప్రాణం తీసిన జాబితా మళ్ళీ పుడుతోంది. ఈసారి ప్రతి వరుసకీ ఛైర్మన్ వేలిముద్ర.

కాటుక పిస్టల్ తిప్పి ముల్లు చేతికిచ్చింది. “ఆ మాత్రం నాటకం ఆడకపోతే వాడు వేలు పెట్టేవాడు కాదు.”

ముల్లు దాన్ని ఛైర్మన్ నుదుటికి ఆనించాడు. కాల్చాలనే ఉంది. మూడు రోజులుగా తిండి, నిద్ర అన్నీ ఆ కోరికే. కానీ చస్తే వీడికి ఆ జాబితా చదివే యోగం ఉండదు.

“చదువు. పైకి చదువు. మొదటి వరుస నుంచి.”

మూడు వందల వరుసలయ్యేసరికి పోలీసులొచ్చారు, ఛైర్మన్ గొంతు బొంగురుపోయింది. వార్త అప్పటికే బయటికి పొక్కింది. పక్క తెరమీద పెద్దకొట్టు షేరు నిమిషానికో మెట్టు జారుతోంది.

“షేర్ల ట్రేడింగ్ ఆపించండి!” ఛైర్మన్ ముల్లు కాళ్ళ మీద పడ్డాడు. “మీ ప్రభుత్వం ఒక్క ఫోన్ చేస్తే ఆగుతుంది! దయచేసి చెప్పండి!”

ముల్లు స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు.

“ప్రభుత్వానికి వ్యాపారంలో ఏం పని సర్?”